గుండ్లవంక బంతి ఆంజనేయస్వామి వారి తోక వృత్తాంతం

నల్లమల కొండలు మైదానంలోకి దిగే చోట, రైలు కట్టకూ తారురోడ్డుకూ నడుమ గుండ్లవంక గ్రామం ఉన్నది. నంద్యాల నుంచి గిద్దలూరు పోయే బస్సులు ఇక్కడ ఆగుతాయి. స్టేజీలో దిగి ఉత్తరంగా తలెత్తితే చిన్న మిట్ట, దాని మీద సున్నం కొట్టిన గోపురం కనబడతాయి. మిట్ట ఎక్కడానికి రాతి మెట్లు ఉన్నాయి. మెట్లు ఎక్కలేనివారు వెనుకవైపున్న రథం దారిన నెమ్మదిగా రావచ్చును. సీతాఫలాల కాలంలో వచ్చినవారికి దారి పొడవునా గంపలు కనబడతాయి. బేరమాడకుండా కొన్నవారు ఇంతవరకు ఎవరూ లేరు.

గర్భాలయంలోని బంతి ఆంజనేయస్వామి వారి మూర్తి నల్లరాతిది, నిలువెత్తుది. మొదటిసారి దర్శించే భక్తులకు కొన్ని సందేహాలు కలగడం సహజం. స్వామి చేతిలో గద లేదు. సంజీవని కొండ లేదు. నడుముకు నిక్కరు, మోకాళ్ల దాకా మేజోళ్లు, పాదాలకు లేసులు బిగించిన బూట్లు ఉన్నాయి. కుడికాలు గాలిలోకి లేచి ఉంటుంది. ఎడమపాదం ముందు ఒక బంతి ఉంటుంది. వెనుక మాత్రం, ఏ అనుమానానికీ చోటివ్వకుండా, పీఠం దాకా దిగిన తోక ఉంటుంది. బాల్యంలో స్వామి పండు అనుకుని పట్టబోయిన సూర్యబింబమే ఆ బంతి అని ఒక పండితులు సెలవిచ్చారు. నిక్కరు గురించి అడిగినప్పుడు వారికి బస్సు వేళ అయింది.

ఈ సందేహాలు తీర్చడానికే దేవస్థాన కమిటీవారు ఈ చిన్న పుస్తకం అచ్చు వేయించారు. ఈ ఊరి హైస్కూల్లో తెలుగు పండితుడిగా పనిచేసి విరమించినవాణ్ణి కనుకనూ, ప్రధాన ఘట్టాన్ని కళ్లారా చూసినవాణ్ణి కనుకనూ రాసే భారం నా మీద పెట్టారు.

పూర్వం ఇక్కడ గుడి లేదు. పూర్వం అనగా త్రేతాయుగం కాదు. గుండ్లవంకకు కరెంటు స్తంభాలు రాకముందు అని భక్తులు గ్రహించగలరు. అప్పట్లో ఈ మిట్ట మీద గొర్రెలు తప్ప ఎవరూ ఎక్కేవారు కారు. బస్సులు ఊరి ముందు నుంచి ఆగకుండా పోయేవి. రైలు కూడా ఆగేది కాదు. కానీ కొండ ఎక్కేముందు ఇంజను రొప్పుతూ నెమ్మదించేది. ఆ నెమ్మదే ఊరికి ఆధారం. ఊరి పిల్లలు సీతాఫలాల గంపలు నెత్తిన పెట్టుకుని పెట్టెల పక్కన పరిగెత్తుతూ కిటికీలలోకి పండ్లు అందించేవారు.

ఆ పిల్లలలో బోయ ఉరుకుందు ఒకడు. ఉరుకుంద ఈరన్న స్వామికి మొక్కుకుని కన్న బిడ్డ గనుక ఆ పేరు పెట్టారు. తల్లి చిన్నప్పుడే పోగా మేనత్త ఓబులమ్మ పెంచింది. తక్కిన పిల్లలు రైలు కొండ ఎక్కేదాకా పరిగెత్తి ఆగిపోయేవారు. ఉరుకుందుకు ఆగడం అనే విద్య అలవడలేదు. "వాన్ని ఊరికే కూసోబెట్టాలంటే చెట్టుకు కట్టాల" అని ఓబులమ్మ అందరితో చెప్పుకునేది.

ఒకనాడు రైల్వేలో ఆటల వ్యవహారాలు చూసే అధికారి ఒకాయన ఆ రైలులో పోతూ, పండు ఎంచడానికి కిటికీలోంచి వంగాడు. ఆయన కళ్లజోడు జారి కట్ట మీద పడింది. ఉరుకుందు గంప దింపి, కళ్లజోడు తీసుకుని, రైలు వెంట పడ్డాడు. అంతలో ఎత్తు దాటిన రైలు పల్లానికి దిగి వేగం అందుకుంది. అధికారిగారు ఇక ఆశ వదులుకుని కూర్చుని ఉండగా కిటికీలోంచి ఒక చెయ్యి వచ్చి కళ్లజోడు అందించింది. అది పెట్టుకున్న తరువాత గాని, ఇచ్చినవాడు రైలుతో సమానంగా పరిగెత్తుతున్నాడని ఆయనకు తెలియలేదు.

"ఒరే అబ్బాయీ, నీ పేరేమిటి?" అని అరిచాడాయన.

"ఉరుకుందు!"

"ఉరుకుతున్నావని కనబడుతూనే ఉందిరా. పేరు చెప్పు!"

ఈ సంభాషణ ముగియక ముందే వంతెన వచ్చింది. వంతెన దాటాక కూడా ఉరుకుందు కిటికీ పక్కనే ఉన్నాడని, అధికారిగారు గొలుసు లాగి రైలు ఆపించారని చెబుతారు. రైలు ఆగినా ఉరుకుందు ఇంకొంత దూరం పోయి వెనక్కి వచ్చాడు.

అట్లా రైల్వే జట్టులో చేరిన ఉరుకుందు, దేశమంతటి నుంచి వచ్చిన పరుగుగాళ్లు పోటీపడే పందేలలో నూరు మీటర్లూ రెండువందల మీటర్లూ గెలిచాడు. మరుసటి ఏడూ గెలిచాడు. అయితే ఆ విద్యలో ఒక ఇబ్బంది ఉంది. పందెం కన్ను మూసి తెరిచేలోగా అయిపోతుంది. తక్కిన రోజంతా ఏం చేయాలో ఉరుకుందుకు తోచేది కాదు. పక్క మైదానంలో ఎవరో ఫుట్‌బాల్ ఆడుతుంటే పోయి వాళ్లలో కలిసేవాడు. కలకత్తాలో జీతమిచ్చి ఆటగాళ్లను పెట్టుకునే ఒక క్లబ్బువారు అది చూశారు. ఇట్లాంటి కాళ్లు మన జట్టులో ఉంటే అడ్డేమున్నదని వెంటబెట్టుకుపోయారు.

అడ్డు ఒకటే. ఉరుకుందు బంతిని తన్ని, దాని వెంట పరిగెత్తి, దాన్ని దాటిపోయేవాడు. అవతలి జట్టువాళ్లు నిలబడి చూస్తుండగా బంతి కోసం వెనక్కి రావలసి వచ్చేది. "బంతి నీకంటే ముందు పోవాలి, నువ్వు బంతికంటే ముందు కాదు!" అని కోచ్ బెంగాలీలో తిట్టేవాడట. ఉరుకుందుకు బెంగాలీ రాదు గనుక కొంతకాలం ఆ తప్పు అట్లాగే సాగింది. బెంగాలీ వచ్చాక తగ్గింది. పూర్తిగా పోలేదు. అయినా కుడివైపు అంచున ఆయన పరుగు అందుకుంటే పట్టుకున్నవాడు లేడని, రెండుసార్లు ఆ క్లబ్బుకు పెద్ద కప్పు రావడానికి ఆయన కాళ్లే కారణమని ఆ ఊరివారే ఒప్పుకున్నారు.

ఇక్కడ గుండ్లవంకలో పంచాయతీ రేడియో చుట్టూ ఊరు ఊరంతా చేరేది. వ్యాఖ్యానం మనకు రాని భాషలో గడగడా సాగేది. మధ్యలో 'ఉరుకుందు' అన్న మాట వినబడగానే అందరూ చప్పట్లు కొట్టేవారు. కొన్నిసార్లు బంతి పోగొట్టుకున్నందుకు ఆ పేరు చెప్పారని చాలా ఏళ్ల తరువాత తెలిసింది.

అప్పటి సర్పంచి బాలతిమ్మారెడ్డి గారికి ఒక దిగులు పట్టుకుంది. "మన ఊరోడు దేశమంతా ఉరికినాడు. మనం వానికి ఒక శాలువ గూడా కప్పలేదు. పక్కూరోళ్లు అడిగితే యేం చెప్పాల?" అని రచ్చబండ దగ్గర వాపోయాడు. రమ్మని కబుర్లు పంపారు. ఆటలు విడవవు, సెలవు దొరకదు. చివరికి మనిషి రాకపోతే బొమ్మ నిలబెడదామని తీర్మానించారు. సర్పంచి బండి కట్టించుకుని పొరుగు తాలూకాలో పేరుపడ్డ శిల్పి మోక్షయ్యాచారి దగ్గరకు పోయాడు.

వెంట తీసుకుపోయింది పత్రికలో వచ్చిన ఫోటో ఒక్కటే. పరిగెత్తుతుండగా తీసినది గనుక అందులో నిక్కరు, బూట్లు, బంతి స్పష్టంగా ఉన్నాయి గాని మొహం ఉండవలసిన చోట పొగ లాంటిది మాత్రమే ఉంది. ఆచారి దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"మనిషి యెట్లుంటాడు రెడ్డీ?"

"గాలి మాదిరి పోతాడు."

"ఒళ్లు?"

"కండలప్పా కండలు. పొట్ట అనేదే లేదు."

"పెండ్లి?"

"ఇంకా చేసుకోలే."

ఆచారి కళ్లు మూసుకుని తల పంకించాడు. "అర్థమైపాయ. ఇంకేం చెప్పాకు" అన్నాడు. ఆయన తండ్రి కాలం నుంచి ఆ ఇంట్లో ఆంజనేయులు తప్ప వేరే మూర్తి చెక్కలేదన్న సంగతి సర్పంచి కనుక్కోలేదు.

బొమ్మ, దాని వెంట ఆచారి బండి మీద వచ్చిన రోజు ఊరు ఊరంతా మిట్ట మీదకు చేరింది. చుట్టిన గడ్డి విప్పారు. బూట్లు కనబడగానే ఈలలు వేశారు. నిక్కరు దాకా వచ్చేసరికి కేకలు పెట్టారు. మొహం దగ్గర కొంచెం సద్దుమణిగారు. చివరికి వెనుకవైపు గడ్డి జారిపోయి తోక బయటపడింది.

మొదట ఓబులమ్మ ముందుకు వచ్చి పరకాయించి చూసింది. "మావాడే. బెంగాలు తిండికి మూతి వాచినట్లుండాది" అన్నది.

"ఆచారీ, ఈ తోక యేందప్పా?" అని సర్పంచి గొంతు తగ్గించి అడిగాడు.

"చెయ్యి దానంతట అదే పోయింది రెడ్డీ. పోయినా మంచికే పోయింది. ఒక కాలు గాలిలో పెట్టమంటివి. ఇంత రాయి ఒక మడమ మీద నిలుస్తుందా? తోక పీఠానికి ఆని బరువు మోస్తాండాది. అది లేకుంటే మీవాడు బోర్లా పడతాడు."

వెనక్కి పంపడానికి బండివాడు ఒప్పుకోలేదు. ఉరుకుందు వచ్చినప్పుడు వేడుకగా ఆవిష్కరించవచ్చునని, అందాకా తోక మీద పంచె కప్పి ఉంచాలని నిర్ణయించారు. బొమ్మ పెట్టామని సర్పంచి కలకత్తాకు కబురు పంపాడు. తోక సంగతి అందులో రాయలేదు.

ఇక మహిమ విషయం. ఓబులమ్మ మనవడికి మూడేళ్లు వచ్చినా నడక రాలేదు. పసరు మందులు అయినాయి, తాయెత్తులు అయినాయి. ఒక మధ్యాహ్నం ఆమె గొర్రెలు మళ్లించుకుంటూ మిట్ట మీదకు వచ్చి, పిల్లవాణ్ణి బొమ్మ నీడన కూర్చోబెట్టింది. వాడు పాకుతూ పోయి రాతి బంతిని పట్టుకున్నాడు. దాన్ని లాక్కోవాలని పట్టుదలగా లేచి నిలబడ్డాడు. బంతి రాలేదు. కోపం వచ్చి వదిలేసి, ఏడుస్తూ అవ్వ దగ్గరికి నడిచి వచ్చాడు. సగం దూరం వచ్చాక గాని తాను నడుస్తున్నానని వాడికీ తెలియలేదు, ఆమెకూ తెలియలేదు.

ఓబులమ్మ కేకలు విని జనం పరిగెత్తుకొచ్చారు. "సామి నడిపిచ్చినాడు, నా బిడ్డను సామి నడిపిచ్చినాడు!" అని ఆమె పీఠానికి తల ఆనించి ఏడుస్తున్నది.

"సామి యాడుండాడు అవ్వా? ఇది మన ఉరుకుందు బొమ్మ గదా?" అని ఎవరో అన్నారు.

"ఉరుకుందుకు తోకుండాదా?" అని ఆమె అడిగింది.

అడిగినవాడు చెప్పులు విడిచి చేతులు జోడించాడు.

మరునాటికి కొబ్బరికాయలు, వారం తిరిగేసరికి సింధూరం వచ్చాయి. నడక ఆలస్యమైన బిడ్డలను చుట్టుపక్కల ఊళ్ల నుంచి తెచ్చి బంతి దగ్గర కూర్చోబెట్టసాగారు. ఆ ఎండాకాలం సర్పంచి మధ్యాహ్నం భోంచేసి కునుకు తీస్తుండగా స్వామి కలలో కనిపించారు. కనిపించి, రేడియో వ్యాఖ్యానం లాగా రాని భాషలో గడగడా ఆజ్ఞాపించారు. సర్పంచికి ఒక్క ముక్క అర్థం కాలేదు. పక్కరోజు అదే వేళకు స్వామి మళ్లీ వచ్చి, ఈసారి మన కర్నూలు మాటల్లో, "ఎండకు వీపు కాల్తాండాది రెడ్డీ, కప్పు యేపిచ్చు" అన్నారు. అట్లా ఆలయ నిర్మాణం జరిగింది. అర్చకులుగా శేషాచార్యుల వారు కుదిరారు. నిక్కరు విషయమై ఆయన చాలాకాలం గ్రంథాలు తిరగేసి, దానిని 'వేగానుకూల వస్త్రం'గా నిర్ణయించి, అభిషేకానంతరం పంచె కట్టనవసరం లేదని తీర్పు చెప్పారు. భక్తుల తాకిడి చూసి బస్సులు ఆగడం మొదలుపెట్టాయి. స్వామికి ఒక కొయ్యరథం కూడా చేయించారు.

ఇంత జరుగుతున్నా ఉరుకుందుకు ఏమీ తెలియదు. ఒక ఆటలో ఇద్దరు వచ్చి మీద పడగా ఆయన కుడి మోకాలు చితికింది. ఆసుపత్రిలో చాలాకాలం ఉన్నాడు. మోకాలు ఇక మునుపటిలా వంగదని డాక్టర్లు, ఇక రానవసరం లేదని క్లబ్బువారు చెప్పారు. ఆ మంచం మీద ఆయనకు మిగిలిన ఓదార్పు సర్పంచి పంపిన కబురు ఒక్కటే. నేను పరిగెత్తకపోతేనేమి, ఊళ్లో మిట్ట మీద రాతిలో పరిగెత్తుతూనే ఉన్నాను గదా అనుకునేవాడట. ఈ మాట ఆయనే నాకు తరువాత చెప్పాడు.

ఊరికి వచ్చిన రోజు బస్సు ఆగడమే ఆయనకు ఒక వింత. "బంతి ఆంజనేయస్వామి గుడి దిగేటోళ్లు దిగండి!" అని కండక్టరు అరిచాడు. ఉరుకుందు దిగాడు. ఒక కాలు ఈడ్చుకుంటూ ఊరి నడి వీధిన నడిచాడు. ఒక్కరూ పలకరించలేదు. అందులో వారి తప్పు లేదు. ఉరుకుందు నడవగా ఆ ఊరివాళ్లు ఎన్నడూ చూడలేదు.

మిట్ట మీద తన బొమ్మకు బదులు గోపురం కనబడేసరికి, జనం వెంట మిట్ట ఎక్కి వరుసలో నిలబడ్డాడు. వరుస మెల్లగా కదిలి గర్భాలయం ముందుకు చేరింది. దీపం వెలుగులో ఆయన మొదట బూట్లు చూశాడు. తరువాత నిక్కరు చూశాడు. ఆపైన చూశాడు.

"పేరు చెప్పు నాయనా" అని శేషాచార్యులు అక్షింతలు చేతిలో పట్టుకుని అడిగారు.

"ఉరుకుందు." తరువాత ఉండబట్టలేక, "సామీ, ఆ నిక్కరు నాది" అన్నాడు.

ఆచార్యులవారు కరుణతో చిరునవ్వు నవ్వారు. "మనది అనేది ఏమున్నది నాయనా, అంతా స్వామిదే. జరుగు, వెనుక చాలామంది ఉన్నారు" అని తీర్థం పోశారు.

మెట్ల కింద కొబ్బరికాయలు అమ్ముకుంటున్న ఓబులమ్మ ఆయన దిగి వస్తుంటే చూసింది. చూసి, కాయ చేతిలో పెట్టుకునే నిలబడిపోయింది. "నడుస్తా వస్తాంటే యెవరో అనుకుంటిరా నాయనా!" అని గట్టిగా పట్టుకుని ఏడ్చింది. ఆ ఏడుపుతో ఊరికి సంగతి తెలిసింది.

ఆ సాయంత్రం పంచాయతీ ముందు సభ జరిగింది. సర్పంచి శాలువ తెచ్చాడు. దాన్ని ఎట్లా కప్పాలో తెలియక చేతుల్లోనే మడతలు పెడుతున్నాడు. బోయ వీధి కుర్రవాళ్లు లేచి, "ఇది మావాని బొమ్మ. తోక తీపిచ్చండి, పేరు రాపిచ్చండి" అన్నారు. పెద్దలు చెవులు మూసుకుని, "పూజ పొందిన తోక మీద ఉలి పెడతారా, ఊరికి అరిష్టం" అన్నారు. కొట్లాట దాకా వచ్చింది. ఓబులమ్మ ఎటూ మాట్లాడలేక మేనల్లుడి పక్కనా మనవడి పక్కనా మార్చి మార్చి కూర్చుంటున్నది.

"నువ్వు చెప్పప్పా ఉరుకుందూ, నీకేం కావాల?" అన్నాడు సర్పంచి.

"నాకు శాలువ వద్దు రెడ్డిగారూ. ఆ రాతిలో నేను యాడుండానో చూపిచ్చండి, చాలు" అన్నాడు ఉరుకుందు.

మోక్షయ్యాచారిని పిలిపించారు. ఆయన ముసలివాడై ఉలి పట్టే స్థితిలో లేకపోయినా మాటలో తగ్గలేదు. "తోక తీయమంటే తీస్తా. తీసిన గడియలో బోర్లా పడతాడు. అప్పుడు దేవుడూ ఉండడు, మీవాడూ ఉండడు. ఆలోచన చేసుకోండి" అన్నాడు. తెల్లవారితే రథోత్సవం. ఏ సంగతీ ఉత్సవం తరువాతనే అని సర్పంచి సభ ముగించాడు. తోక కథ అట్లాగే వేలాడింది.

రథోత్సవం ఘట్టం నేను స్వయంగా చూసినది. రథాన్ని కింది నుంచి ఏటవాలు దారిన మిట్ట మీదకు లాగుతున్నారు. రథం మీద శేషాచార్యులు హారతి పళ్లెం పట్టుకుని కూర్చున్నారు. ముచ్చటపడి ఎక్కిన నలుగురు చిన్న పిల్లలు ఉత్సవమూర్తి పక్కన ఉన్నారు. దారి కింద అంగళ్లు, జనం, కొబ్బరికాయల గుట్ట వెనుక ఓబులమ్మ. ఉరుకుందు మాత్రం జనానికి దూరంగా దారి పైకొసన ఒక బండ మీద కూర్చుని ఉన్నాడు. ఎవరి వైపూ చూడటం లేదు.

రథం ముప్పాతిక దారి ఎక్కి ఉంటుంది, మోకు తెగింది.

లాగేవాళ్లు వెల్లకిలా పడ్డారు. చక్రాల కింద కొయ్యదిమ్మలు వేసి ఆపవలసినవాళ్లు దిమ్మలు వదిలేసి పక్కకు దూకారు. రథం ఒక్క క్షణం ఆలోచించినట్లు నిలిచి, వెనక్కి దొర్లడం మొదలుపెట్టింది. ఆచార్యులవారు ఒక చేత్తో పళ్లెం, ఇంకొక చేత్తో ఇద్దరు పిల్లలను పట్టుకున్నారు. తక్కిన ఇద్దరు ఆయన గడ్డం పట్టుకున్నారు. కింద జనం అరుస్తున్నారు గాని కదలడం లేదు.

ఉరుకుందు లేచాడు. ఆయన ఎప్పుడు లేచాడో నాకు కనబడలేదు. నేను చూసేసరికి రథం పక్కన ఉన్నాడు. కుడికాలు వంగదు. దాన్ని కర్రలాగా విసురుతూ, ఎడమకాలితో నేలను తన్నుతూ, చూసేవారికి నవ్వు పుట్టే విధంగా పరిగెత్తుతున్నాడు. అయినా ఏమి వేగం! రథాన్ని పట్టుకోబోతున్నాడని అందరం అనుకున్నాము. పట్టుకోలేదు. దాటిపోయాడు. కలకత్తాలో కోచ్ ఏ తప్పుకైతే ఏళ్ల తరబడి తిట్టాడో అదే తప్పు చేశాడు. అయితే ఆ రోజు రథానికి ముందు ఒక మనిషి ఉండటమే కావలసి వచ్చింది.

దారి అంచున, రథం ఎక్కేటప్పుడు ఎవరో వదిలేసిన కొయ్యదిమ్మ పడి ఉంది. వంగి చేత్తో తీసే వ్యవధి లేదు, వంగే మోకాలూ లేదు. ఉరుకుందు వెనక్కి తిరిగి, ఎడమకాలి మీద నిలిచి, ఆ వంగని కుడికాలితో దాన్ని తన్నాడు. దిమ్మ నేలను రాసుకుంటూ పోయి చక్రం కింద దూరింది. రథం దాని మీదకు ఎక్కింది, పక్కకు ఒరిగింది, ఒరిగి ఆగింది. ఓబులమ్మ కొబ్బరికాయల గుట్టకు జానెడు దూరంలో ఆగింది.

అప్పుడు రథం మీద నుంచి ఆచార్యులవారి నోట ఒక పెద్ద కేక వెలువడింది. అది 'గోవిందా' అని కొందరు, 'గోల్' అని కొందరు ఇప్పటికీ వాదించుకుంటారు. 'గో' వరకు నేనూ విన్నాను. తరువాత జనం కేకల్లో తక్కినది కలిసిపోయింది. హారతి మాత్రం ఆరలేదు.

ఉరుకుందు దారి మధ్యన కూలబడి, మోకాలు రెండు చేతులా పట్టుకుని, నొప్పితోనో నవ్వుతోనో కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. ఓబులమ్మ పరిగెత్తుకొచ్చి, "ఆ కాలితోనేనా తన్నేది, బుద్ధుండాదా నీకు, ఇంకో కాలుండ్లేదా?" అని ముందు తిట్టి, తరువాత కొంగుతో మొహం తుడిచింది. శేషాచార్యులవారు పిల్లలను ఒక్కొక్కరినే దింపి, తానూ దిగి, ఉత్సవమూర్తి మెడలోని దండ తీసి ఉరుకుందు మెడలో వేశారు. "నాయనా, నిన్న నీ నిక్కరు సంగతి నేను సరిగా వినలేదు" అన్నారు. సర్పంచి శాలువ కప్పాడు. తొందరలో అది తలమీద పడింది. ఎవరూ సరిచేయలేదు.

బోయ వీధి కుర్రవాళ్లు అక్కడికక్కడే తోక సంగతి మళ్లీ ఎత్తారు. ఉరుకుందు చెయ్యి ఎత్తి ఆపాడు.

"ఒంటికాలి మీద నిలబడేది యెంత కష్టమో నాకు తెలిసొచ్చింది. తోక ఉండనీండప్పా. నాకూ ఒకటుంటే బాగుండు" అన్నాడు.

మోక్షయ్యాచారి జనంలోంచి, "నేను ముందే చెప్తి" అన్నాడు.

ఇక పేరు ఎవరిదన్న తగవు మిగిలింది. దాన్ని ఓబులమ్మ తీర్చింది. "లోపల ఆయన సామే, నా మనవన్ని నడిపిచ్చినాడు. నిక్కరూ బూట్లూ మావాడివే, అబద్ధం చెప్పేదెందుకు? రాయికి దండ కొంచెం ఆలస్యమైతే అలుగుతుందా? ముందు మనిషికి యెయ్యండి" అన్నది. ఆచార్యులవారు, ఇందుకు విరుద్ధంగా ఏ గ్రంథంలోనూ లేదని, అసలు ఇట్లాంటి సందర్భమే ఏ గ్రంథంలోనూ లేదని సెలవిచ్చారు.

ఆనాటి నుంచి నేటి వరకు గుండ్లవంకలో రథం కదలడానికి ముందు మొదటి దండ ఉరుకుందు గారికే పడుతుంది. రెండవది స్వామివారికి. చక్రం కింద దిమ్మను చేత్తో పెట్టరు, కాలితోనే తన్నుతారు. ఇందుకోసం ఊరి యువకులు ఏడాది పొడవునా సాధన చేస్తారు. నడక ఆలస్యమైన బిడ్డలను శనివారం ఉదయం బంతి వద్ద కూర్చోబెడతారు. మోకాళ్ల నొప్పులవారు తోకకు నూనె రాస్తారు. పరుగు పందేలకు, పోలీసు ఉద్యోగాల దేహదారుఢ్య పరీక్షలకు పోయేవారు వచ్చి లేసులు స్వామి ఎదుట కట్టుకుంటారు. బంతిని మాత్రం ఎవరూ తన్నరాదు. ప్రయత్నించిన ఒకరిద్దరు కాలికి కట్టుతో తిరిగి వెళ్లారు.

ఉరుకుందు గారికి ఇప్పుడు ఎనభై దాటాయి. మిట్ట కింది మైదానంలో సాయంత్రం వేళ ఊరి పిల్లలకు ఫుట్‌బాల్ నేర్పుతూ ఉంటారు. బంతిని దాటిపోవద్దని వాళ్లను బెంగాలీలో తిడుతూ ఉంటారు. దర్శనం ముగిసిన భక్తులు తప్పక చూసి పోవలసిన స్థలం అది. అయితే ఒక మనవి. ఎవరైనా తన కాళ్లకు మొక్కవస్తే "నేను సామిని కాదప్పా!" అని ఆయన పరిగెత్తుతారు. ఆ కుడి మోకాలు నేటికీ వంగదు. అయినా ఒక్కరు వెళ్లి ప్రయోజనం లేదు. మొక్కదలచినవారు ఇద్దరుగా, చెరొక వైపు నుంచి వెళ్లవలెను. పోయిన ఉత్సవానికి నలుగురు పడుచువాళ్లు కలిసి ప్రయత్నించి, రైలు కట్ట దాకా వెంటపడి, వట్టి చేతులతో తిరిగి వచ్చారు. ఆయన పాదాలు అందినవారికి ఏ ఫలం కలుగుతుందో కమిటీవారికి తెలియదు, ఎందుకంటే ఇంతవరకు అందినవారు లేరు. వెంటబడినవారికి మాత్రం ఆ రాత్రి ఆకలి బాగా వేస్తుందని, నిద్ర బాగా పడుతుందని, ఏడాదంతా ఒంట్లో ఏ జబ్బూ ఉండదని అనుభవజ్ఞులు చెబుతున్నారు.